చంద్రభాగ నవ్వించిన మాట

సోలాపూర్ భవాని పేటలో పదహారు ఖోలీల, అంటే పదహారు గదుల, ఆ వాడాకు నల్లా ఒక్కటే. పొద్దున ఆరింటికి నీళ్ళొస్తే ఏడున్నరకు పోతాయి. ఆ గంటన్నరలో పదహారు ఇళ్ళ బిందెలు నిండాలి, పదహారు ఇళ్ళ ముచ్చట్లు తీరాలి. నీళ్ళు తక్కువైన రోజులున్నాయి గాని ముచ్చట్లు తక్కువైన రోజు లేదు. అందుకు కారణం ఐదో ఖోలీలో ఉండే చంద్రభాగ.

చంద్రభాగ ఇంట్లో బీడీలు చేస్తుంది. భర్త అంబాదాస్ సాంచల కార్ఖానాలో, అంటే మరమగ్గాల మీద, తువ్వాళ్ళు నేస్తాడు. వాళ్ళకు భాగ్యలక్ష్మి అని ఏడేళ్ళ కూతురు. ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, చంద్రభాగ అచ్చం వాళ్ళలాగే మాట్లాడి చూపిస్తుంది. బాగులేని బీడీలు ఏరి పారేసే ముకాదం ముక్కుతో మాట్లాడే తీరు, అద్దె వసూలుకొచ్చే వాడా మాలక్ మెట్లెక్కుతూ రొప్పే తీరు, ఒకటో ఖోలీ రాజమ్మ పూజ మధ్యలో ఆపి కోడల్ని తిట్టి మళ్ళీ సరిగ్గా అక్కడి నుంచే మంత్రం అందుకునే తీరు, అన్నీ ఆమెకు వచ్చు. రాజమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. చంద్రభాగ మాటల్లో విషం లేదని అందరికీ తెలుసు. చంద్రభాగకు మరీ బాగా తెలుసు.

ఎనభై మూడు ఆషాఢంలో పన్నెండో ఖోలీకి బొంబాయి నుంచి ఒక సంసారం వచ్చింది. నర్సప్ప, అతని భార్య యమునాబాయి, ఇద్దరు ఆడపిల్లలు. బొంబాయిలో మిల్లుల సమ్మె మొదలై అప్పటికి ఏడాదిన్నర. మిల్లు మళ్ళీ తెరుస్తారని చూసి చూసి, చివరికి సామాన్లు మూటకట్టుకొని సోలాపూర్ బండెక్కారు.

వచ్చిన రోజే రాజమ్మ వాళ్ళను గుమ్మంలో కూర్చోబెట్టి అడిగింది. "ఎవరోళ్ళు బిడ్డా?"

"పద్మశాలోళ్ళమే అత్తా. ఇంటిపేరు దూసోళ్ళం. మా తాతలది సిద్దిపేట దిక్కు."

"ఓయమ్మా, మా అవ్వగారు గూడ దూసోళ్ళే. సిద్దిపేటనే," అని రాజమ్మ వాళ్ళకు చాయ్ పోసింది. ఒకే కులం, ఒకే దిక్కు, వెతికితే ఒకే తాత కూడా దొరికేవాడేమో. వాడాలో వాళ్ళను వేరుగా చూడడానికి ఏ ఆధారమూ లేదు. కాస్త శ్రమపడి తయారు చేసుకోవలసి వచ్చింది.

ఆదివారం యమునాబాయి ఎండు బొంబిల్ చేపలు వేయించింది. మిగతా పదిహేను ఇళ్ళలో ఆ పూట మాంసం ఉడుకుతోంది గాని, అది అలవాటైన వాసన కాబట్టి ఎవరి ముక్కుకూ అందలేదు. చేపల వాసన మాత్రం మొదటి ఖోలీ నుంచి చివరి ఖోలీ దాకా నడిచి వచ్చి పలకరించింది.

సోమవారం పొద్దున నల్లా కింద బిందె పెట్టిన చంద్రభాగ రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి నల్లాలోకి తొంగి చూసింది.

"జర పక్కకు జరుగున్రి. బొంబాయి సముద్రం మన నల్లాలకు వచ్చింది. నా బిందెల చేప పడ్డదంటే అది నాదే, ఎవ్వలు అడగొద్దు."

వరసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది యమునాబాయే. కొత్త చోట మొదటి వారంలోనే తన మీద హాస్యమాడారంటే తనను కలుపుకున్నట్టేనని ఆమె అనుకుంది. చంద్రభాగ కూడా అలాగే అనుకుంది.

మర్నాడు యమునాబాయి రాకముందే ద్రౌపది అడిగింది. ద్రౌపది ఏడో ఖోలీ. "సముద్రం ఏమంటున్నదే ఇయ్యాల?"

అలా ఆమెకు పేరు స్థిరపడింది. చంద్రభాగ ఊరుకోలేదు. యమునాబాయి మాటకు ముందు 'కాయ్' అనీ మాట చివర 'హై నా' అనీ అనడం, కొంగు చెవి వెనక్కి దోపుకోవడం, వరసలో నిలబడి బొంబాయి లోకల్ బండి కోసం చూస్తున్నట్టు మెడ చాపడం, అన్నీ చేసి చూపించింది. మూడు రోజులు వాడా పొట్టలు పట్టుకొని నవ్వింది. నాలుగో రోజు చెప్పడానికి కొత్తగా ఏమీ మిగల్లేదు. ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకొని ఆమె నోటివంకే చూస్తున్నారు. అలా చూస్తుంటే ఉత్త చేతులతో పంపడం చంద్రభాగకు చేతకాదు.

"ఎండుచేపలు దేంట్ల నానబెడ్తదో ఎరికేనా? తాగే నీళ్ళ బిందెలనే. నా కండ్లతోటి చూసిన."

ఆమె చూడలేదు. పన్నెండో ఖోలీ గడపైనా తొక్కలేదు. ఈసారి నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది, తొందరగా పోయింది. చంద్రభాగ అది గమనించింది గాని, మాట సరిగ్గా పండలేదని మాత్రమే అనుకుంది.

మర్నాడు యమునాబాయి బిందె మూడోది. రాజమ్మ తన చీపురుకట్ట వెనక భాగంతో ఆ బిందెను మెల్లగా నెట్టుకుంటూ పోయి వరస చివర నిలబెట్టింది.

"నువ్వు ఆఖరికి పట్టుకో బిడ్డా. పిల్లలున్న ఇండ్లు ముందుగాల."

"నాకు గూడ పిల్లలున్నరు గద అత్తా," అని యమునాబాయి చుట్టూ చూసింది. అందరూ ఎవరి బిందెను వాళ్ళు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నారు. చంద్రభాగ కూడా తన బిందెకున్న సొట్ట చూసుకుంది.

ఆడవాళ్ళ నల్లా ముచ్చట్లను మగవాళ్ళు పట్టించుకోరు. వాళ్ళు పేపరు చదువుతారు. మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైన పెంటప్ప సాయంత్రాలు వాడా అరుగు మీద కూర్చొని మరాఠీ పేపరు పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పేవాడు. పేపర్లో లేనిదానికి కూడా అర్థం చెప్పేవాడు.

"సంపు అంటే ఏమనుకున్నరు, అంటురోగం అసుంటిది," అన్నాడొక రోజు. సమ్మెను అక్కడ సంపు అనే అంటారు. "అండ్ల ఏడాదిన్నర ఉండి వచ్చినోడు మన కార్ఖానల అడుగు పెట్టిండంటే ఆర్నెల్లల్ల సాంచలన్నీ బంద్."

ఇలా ఆడవాళ్ళు నల్లా దారిలో చేరుకున్న చోటికే మగవాళ్ళు పేపరు దారిలో చేరుకున్నారు.

నర్సప్ప మూడు కార్ఖానాలకు పోయాడు. ప్రతిచోటా అతని కంటే ముందు అతని సంగతి పోయి కూర్చుంది. ఒక మధ్యాహ్నం అంబాదాస్ రొట్టె తింటూ భార్యతో అన్నాడు. "మా సేటు నర్సప్పను రమ్మన్నడు. మళ్ళ వద్దన్నడు. ఎవరో ఏదో చెప్పిన్రట."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరు చెప్పిన్రు."

"నువ్వు గూడనా?"

అంబాదాస్ రొట్టెను కావలసిన దానికంటే చిన్న ముక్కలు చేశాడు. "నేను కాదనలే."

శ్రావణంలో ముసురు పట్టింది. వాడాలో ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాజమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. ప్రతి వానాకాలం ఎవరో ఒకరికి వచ్చేదే. అంతకుముందు దాన్ని వానకాలపు రోగం అనేవాళ్ళు. ఆ ఏడు మాత్రం వాన పేరు ఎవరూ ఎత్తలేదు.

ఒకనాడు సాయంత్రం చంద్రభాగ చేట ముందేసుకొని బీడీలు చుడుతుంటే, భాగ్యలక్ష్మి చేతులు దూరంగా పట్టుకొని పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, నన్ను ముట్టుకోకు. నేను బొంబాయి అయిన."

"ఏమైనవ్?"

"బొంబాయి. నల్లా కాడ చెయ్యి కడుక్కుంటెనే పోతది. లేకుంటే నువ్వు గూడ బొంబాయి అయితవ్."

"ఈ ఆట ఎవరు నేర్పిన్రే మీకు?"

"ఎవ్వలు నేర్పలే. అందరికి వస్తది," అని భాగ్యలక్ష్మి నల్లా వైపు ఉరికింది.

చంద్రభాగ బయటికి వచ్చి చూసింది. పది మంది పిల్లలు కేకలేస్తూ ఒకరిని ఒకరు తప్పించుకుంటున్నారు. యమునాబాయి బిడ్డలిద్దరూ పన్నెండో ఖోలీ మెట్టు మీద కూర్చొని చూస్తున్నారు. చిన్నది లేచి "నేను గూడ ఆడనా" అని అడిగింది. దానికి భాగ్యలక్ష్మి ఏ కోపమూ లేకుండా, ఆట నియమం వివరిస్తున్నట్టు జవాబు చెప్పింది. "నువ్వెట్ల ఆడుతవ్? నువ్వు ముందుగాలనే బొంబాయివి గద."

చిన్నది ఆలోచించి, నిజమే అన్నట్టు తలూపి మళ్ళీ కూర్చుంది. చంద్రభాగ కూతుర్ని రెక్కపట్టి లోపలికి లాక్కొచ్చి ఒక దెబ్బ వేసింది. ఎందుకు కొట్టావని ఆ పిల్ల ఏడుస్తూ అడిగితే, చేట ముందుకు లాక్కొని మళ్ళీ బీడీలు చుట్టసాగింది.

మర్నాడు నల్లా దగ్గర, యమునాబాయి ఇంకా రాకముందే, ఆమె తన బిందె కింద పెట్టి చెప్పింది. "నేను ఒక ముచ్చట చెప్పాలె. ఆమె బిందెల చేపలు నానబెట్టుడు నేను చూడలే. మీరు నవ్వుతరని చెప్పిన. అబద్ధం."

రాజమ్మ జాలిగా చూసింది. "నీది మెత్తటి మనసే బిడ్డా. గందుకే దాస్తున్నవ్."

"దాసుడు కాదత్తా. నిజంగనే చూడలే."

"నువ్వు చూడకుంటే చూడకుంటివి," అంది ద్రౌపది. "నేను చూసిన."

"నువ్వేం చూసినవ్?"

"బిందెల నీళ్ళ మీద చేప తోక తేలుతుండె. తెల్లగ, గింత పొడుగు. మొన్న గురువారం. ఆమె చెయ్యి పెట్టి లోపలికి నూకింది."

చంద్రభాగ కల్పించిన దానికి తోకా పొడుగూ వారమూ కూడా వచ్చేశాయి. ద్రౌపది చెప్పిన తీరు తన తీరు కంటే బాగుందని కూడా ఆమెకు తోచింది.

ఆ వారమే పెంటప్ప మాలక్‌కు అర్జీ రాశాడు. పన్నెండో ఖోలీ వాళ్ళను ఖాళీ చేయించాలని, వాడా ఆరోగ్యానికీ కార్ఖానాల శాంతికీ వాళ్ళు ముప్పు అని, మూడు పేజీల చక్కటి మరాఠీ. అందులో మొదటి సాక్షి చంద్రభాగ. పెంటప్ప కాగితం, కలం పట్టుకొని ఐదో ఖోలీకి వచ్చాడు. వెనకాల సగం వాడా వచ్చింది.

"నేను సంతకం చెయ్య మామా," అంది చంద్రభాగ. "చూడంది చూసిన్నని ఎట్ల రాస్త?"

"అందరు చేసిన్రు. నీ పేరు పైన పెట్టిన, జాగ ఇడిసిన."

"ఆ జాగ అట్లనే ఉండనీ."

ద్రౌపది అనుమానంగా ముందుకు వచ్చింది. "వాళ్ళు నీకేం పెట్టిన్రే?"

"చేపల కూర," అంది చంద్రభాగ. అలవాటుగా వచ్చేసింది. ఒక్కరూ నవ్వలేదు. ఆ సాయంత్రానికల్లా చంద్రభాగ చేపల కూర తిని మాట మార్చిందనీ, స్వయంగా తన నోటితోనే ఒప్పుకుందనీ ఇంటింటికీ తెలిసిపోయింది.

మర్నాడు ఆమె నల్లా దగ్గరికి వచ్చేసరికి ఆమె బిందె పదిహేనో చోట ఉంది. దాని పక్కన, పదహారో చోట, యమునాబాయి బిందె.

రెండు రోజులు ఇద్దరూ పక్కపక్కన నిలబడి మాట్లాడుకోలేదు. మూడో రోజు వరస సగానికి తగ్గాక యమునాబాయే అడిగింది. "కాయ్ అక్కా, నా లెక్క మాట్లాడి సూపిస్తవంట. నాకు గూడ జర సూపియ్యరాదు?"

చంద్రభాగ తల దించుకుంది. "తప్పయింది చెల్లె. నవ్వుకే అన్న. గింత దూరం పోతదని అనుకోలే."

వరస ముందు ఒకరి బిందె నిండి, ఇంకొకరిది పెట్టారు.

"బొంబాయిల మేముండే చాళ్ళ," అంది యమునాబాయి, "సోలాపూర్‌కెళ్ళి ఒక ఆమె వచ్చింది. సోలాపూరోళ్ళు చద్దర్ కప్పుకునే తానం చేస్తరు, గా చద్దరే పిండి చాయ్ పెడ్తరు అని నేనే అన్న. చాళ్ అంతా నవ్వింది హై నా."

"మళ్ళ ఏమయింది?"

"ఆమె ఇంట్ల ఎవ్వలు చాయ్ తాగలే, రెండేండ్లు." యమునాబాయి కొంగు చెవి వెనక్కి దోపుకుంది. "నేను గూడ తాగలే. నేను అన్నదే గద, అయినా తాగబుద్ధి కాకపాయె."

చంద్రభాగకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ ఆపుకొని నిలబడింది.

చివర నిలబడేవాళ్ళకు నీళ్ళు తక్కువ, తీరిక ఎక్కువ. ఏడున్నరకు నీళ్ళు ఆగిపోయేటప్పుడు నల్లా ఒక వింత చప్పుడు చేస్తుందని ముందు నిలబడేవాళ్ళు ఎన్నడూ వినలేదు. అప్పటికి వాళ్ళు ఇళ్ళకు పోయి ఉంటారు. ఈ ఇద్దరే రోజూ విన్నారు. గుటకలు వేస్తున్నట్టు, పైపు ఏదో లోపలికి గుంజుకుంటున్న చప్పుడు. మర్నాడు యమునాబాయి నర్సప్పను పిలుచుకొచ్చింది. ఇరవై ఏళ్ళు మిల్లు యంత్రాల మధ్య బతికినవాడు కనక చప్పుడు వింటే జబ్బు చెప్పగలడు. నల్లాకు చెవి ఆనించి, పైపు పోయిన దారిన మురుగు మోరీ దాకా నడిచి, ఒక బండ దగ్గర ఆగాడు.

"ఈడ పగిలింది వదినె. నీళ్ళు పోయేటప్పుడు పైపు ఖాళీ అయితది, మోరీ నీళ్ళు లోపలికి గుంజుతది. పొద్దుగాల ముందు నిండే బిందెలకు గా నీళ్ళే ఎక్కువ పోతయి." అని వంగి బండ లేపబోయాడు.

చంద్రభాగ అతని చేయి పట్టుకున్నంత పని చేసింది. "నువ్వు ముట్టకు తమ్మీ. ముట్టినవంటే నువ్వే పలగ్గొట్టినవ్ అంటరు."

వాడాను ఆమెకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. ఆ రోజు బీడీలు చేయడం మానుకొని పైపుల మేస్త్రీని వెతికి తీసుకొచ్చింది. పెంటప్పను, రాజమ్మను, ద్రౌపదిని పిలిచి మోరీ చుట్టూ నిలబెట్టి, అప్పుడు బండ తీయించింది. పైపు చేతి పొడవున చీలి ఉంది. మోరీ నీళ్ళు అందులోకి నిదానంగా, ఇంటి మనిషిలా, పోతూ వస్తూ ఉన్నాయి. రాజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెంటప్ప చాలాసేపు చూసి గొంతు సవరించుకున్నాడు. "అంటే, వీళ్ళు వచ్చినంకనే పగిలింది."

"తుప్పు చూడు కాకా," అన్నాడు మేస్త్రీ. "పదేండ్ల కింది తుప్పు."

"తుప్పు పాతదే. పలుగుడు కొత్తది," అన్నాడు పెంటప్ప.

పైపు మార్చారు. పిల్లలకు నయమైంది. తప్పు జరిగిందని ఎవరూ అనలేదు. కాని నాలుగు రోజుల తర్వాత యమునాబాయి బిందె పదకొండో చోట కనబడింది, ఇంకో వారానికి ఎనిమిదో చోట. ఎవరు జరిపారో ఎవరూ చూడలేదు. చంద్రభాగ బిందె కూడా దానితోపాటే జరుగుతూ వచ్చింది. ద్రౌపది మాత్రం చేప తోక సంగతి చివరిదాకా వదల్లేదు. పైపు వేరు, తోక వేరు అనేది. బహుశా నిజంగానే చూశానని అప్పటికి ఆమె నమ్మింది. పెంటప్ప అర్జీని మాలక్‌కు ఇవ్వలేదు, చింపలేదు కూడా. అంత మంచి మరాఠీ చింపడానికి చేయి రాలేదట. మడిచి పెట్టెలో దాచాడు, పేరు మారిస్తే ఎప్పుడైనా పనికొస్తుందని.

నర్సప్పకు భవాని పేటలో పని దొరకలేదు. మోరీ బండ దగ్గర అతని తెలివి చూసిన మేస్త్రీ ఎవరికో చెప్పి, అశోక్ చౌక్ వైపు ఒక కార్ఖానాలో సాంచలు బాగుచేసే పని ఇప్పించాడు. కార్తీకంలో వాళ్ళు ఖోలీ ఖాళీ చేశారు. తోపుడు బండి మీద సామాన్లు ఎక్కిస్తుంటే వాడా అంతా బయటికి వచ్చింది. రాజమ్మ యమునాబాయికి బొట్టుపెట్టి, రవికె గుడ్డ చేతిలో పెట్టి, ఇంటి ఆడబిడ్డ పోతున్నట్టున్నదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చంద్రభాగ ఒక మూట నెత్తిన పెట్టుకొని బండి వెంట నడిచింది. దారిలో యమునాబాయి అంది. "ముసలవ్వ నిజంగనే ఏడ్చింది అక్కా."

"ఏడ్చేదానివి బిందె ఎందుకు జరిపినవ్ అత్తా అని అడగకపోతివి."

"అడిగితే ఏడుపు ఆపుతుండె. ఇన్ని రోజులకు ఏడ్చింది, ఏడ్వనీ అనుకున్న."

కొత్త వాడా మెట్ల మీద ఒక నడివయసు ఆడమనిషి బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. బండినీ మూటలనూ కలయజూసి అడిగింది. "ఏడికెళ్ళి వచ్చిన్రు?"

యమునాబాయి తటపటాయించింది. చంద్రభాగే జవాబు చెప్పింది. "భవాని పేటకెళ్ళి. మావోళ్ళే."

ఆ మనిషి లోపలికి మెడ తిప్పి కేకేసింది. "వదినె, భవాని పేటోళ్ళట. ఇగ మనకు నిద్రలుండవ్."

లోపల ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నిద్రలెందుకుండవ్ అక్కా?" అంది చంద్రభాగ.

"ఏమో, భవాని పేటోళ్ళు నిద్రల గూడ నోరు మూయరంటరు గద."

మళ్ళీ నవ్వులు. యమునాబాయి కూడా నవ్వబోయి చంద్రభాగ ముఖం చూసింది. అశోక్ చౌక్ వాళ్ళ మీద చంద్రభాగ దగ్గర అప్పటికప్పుడు మూడు మాటలు తయారయ్యాయి. మూడూ మంచివే. ముఖ్యంగా రెండోది వింటే బండి తోసేవాడు కూడా నవ్వేవాడు. ఆమె మూట దించి, ఆ మనిషి పక్కన మెట్టు మీద కూర్చుంది. చేటలోంచి నాలుగు ఆకులు తన వైపు తీసుకుంది.

"ఇంకో కత్తెర ఉన్నదా? నీ పేరేంది అక్కా?"

ఆమె పేరు యల్లమ్మ. కొంచెం వింతగా చూసి, లోపలి నుంచి కత్తెర తెప్పించింది. లోపల యమునాబాయి పొయ్యి రాళ్ళు సర్దుకుంటోంది. ఆమె బిడ్డలు కొత్త వాడా పిల్లల ముందు నిలబడి, ఇక్కడ ఏ ఆట ఆడతారని అడుగుతున్నారు. ఆకు కత్తిరిస్తూనే చంద్రభాగ ఆ జవాబు కోసం చెవి పెట్టింది. గోలీలాట అన్నారు. అప్పుడామె యల్లమ్మ వైపు తిరిగి, చేట నిండేదాకా కూర్చుంది. ఆ పూట భవాని పేటలో అంబాదాస్ అన్నం తానే వడ్డించుకోవలసి వచ్చింది.